సిగ్రిడ్ ఓడిన మీటింగ్

బెట్సీ మెడలోని బ్యాడ్జిని కిషన్‌రావు అంకుల్ తన చేత్తోనే తీశాడు. అందరి ముందూ తీశాడు.

అది న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో ముసలివాళ్ళ కోసం ఆయన నడిపే రెస్ట్ హోమ్. పక్కనే ఉన్న కాలేజీ కూడా ఆయనదే. ముసలివాళ్ళను ఎలా చూసుకోవాలో కాలేజీలో చెప్తారు, నేర్చుకోమని ఈ రెస్ట్ హోమ్‌కి పంపుతారు. దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. జీతం లేని పని అంటే వినడానికి బాగోదు కదా. నేనూ ఆ కాలేజీలోనే చదివాను, ఇప్పుడు రెండుచోట్లా కంప్యూటర్లు చూసుకుంటాను. ఆ పొద్దున నర్సుల ట్యాబ్ ఒకటి మొరాయిస్తే వచ్చాను.

"నీ మంచికే చేస్తున్న బిడ్డా. ఇంటికి పోయి రెస్ట్ తీస్కో," అన్నాడు అంకుల్.

"కోర్సులోంచి తీసేస్తున్నారా అంకుల్?"

"నేనేడ తీసేస్తున్న? నువ్వే మానేస్తున్నవ్. అట్ల అయితే నీ పేరు ఖరాబ్ కాదు."

కోర్సు పోతే బెట్సీ వీసా పోతుంది. బెట్సీ ఏడవలేదు. "నేనొక్కదాన్నే ఉన్నానండి అక్కడ," అంది. అంతే.

జరిగింది ఇదీ. లేవలేని మనిషిని పట్టీల్లో కూర్చోబెట్టి మంచం మీంచి కుర్చీలోకి మార్చే యంత్రాన్ని హాయిస్ట్ అంటారు. దాని దగ్గర ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు బటన్ నొక్కాలి, ఒకరు మనిషిని పట్టుకోవాలి. వాల్టర్స్ తాత టాయిలెట్‌కి వెళ్ళాలని అరుస్తున్నాడు. బెట్సీ ఎంత పిలిచినా రెండో మనిషి రాలేదు. ఒక్కతే లేపింది. పట్టీ జారింది. తాత మణికట్టు విరిగింది.

ఆ రెండో మనిషి బెట్సీ క్లాసు వినీత్. ఆ రోజు కిషన్‌రావు అంకుల్ పెళ్ళిరోజు. కేక్ తెమ్మని వినీత్‌ని డ్యూటీ మధ్యలో బేకరీకి పంపింది అంకులే. ఇప్పుడు వినీత్ మేమంతా నిలబడ్డ కారిడార్‌లోనే, కేక్ డబ్బా చేతుల్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

ఎవరూ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతాం? ఆయన సార్ కాదు, అంకుల్. మేం ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి ఆయన కారే వచ్చింది. మొదటి ఆదివారం ఆయన భార్య ఇందిరాదేవి ఆంటీ చేతి పప్పుచారే తిన్నాం. యజమాని మీద తిరగబడొచ్చు. అంకుల్ మీద ఎలా తిరగబడాలో మాకెవరూ నేర్పలేదు.

నేర్పాలని చూసిన మనిషి ఒకరున్నారు. ఆమె పేరు సిగ్రిడ్. మాకు కమ్యూనికేషన్ చెప్పే నార్వే ముసలావిడ. కాలేజీ బ్రోషర్ మీద మా అందరి మొహాలు కలిపినా ఆమె ఫోటో అంత ఉండవు. అంకుల్ ఆమెను తీసుకున్నది ఆ తెల్లమనిషి ఫోటో కోసమే.

వయసులో ఉన్నప్పుడు సిగ్రిడ్ తన దేశంలో, సముద్రం పక్క ఊళ్ళో, చేపల ఫ్యాక్టరీ పైఅంతస్తులో ఒక బడి పెట్టింది. దానికి హెడ్మాస్టర్ లేడు. వారానికోసారి మీటింగ్. పిల్లలకి, టీచర్లకి, నేల తుడిచే మనిషికి తలా ఒక ఓటు. మొదట పేపర్లు నవ్వాయి. తర్వాత అధికారులు వచ్చి చూసి కొన్ని పద్ధతులు మిగతా బళ్ళలో పెట్టుకున్నారు, ఆమెను మరిచిపోయారు. ఆమె న్యూజిలాండ్‌లో గడ్డి మీద పరిశోధన చేసే ఒకాయన్ని పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చింది. ఆయన పోయాడు. ఆమె మిగిలింది.

మా క్లాసులో కూడా కుర్చీలు గుండ్రంగా వేయించింది. ఇక్కడ చదివే, పనిచేసే ప్రతి మనిషికీ ఒక ఓటు అంది. మేం ఆమె రాగానే లేచి నిలబడేవాళ్ళం. ఓటంటే ఆమె చెయ్యి లేచేదాకా ఆగి ఎత్తేవాళ్ళం. ఒకసారి ఆమె తల గోక్కుంటే సగం క్లాసు చేతులెత్తింది.

"మీరు ఓటు వేయడం లేదు, నన్ను కాపీ కొడుతున్నారు," అంది ఇంగ్లీషులో.

"ఎస్ మేడం," అన్నాం అందరం కలిసి.

లంచ్‌లో ఆమె కూర్చునే బెంచీ మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళం కాదు. మర్యాద కదా. ఆ మర్యాదతోనే ఆమె చుట్టూ ఎంత ఖాళీ వదిలామో మాకు తెలియదు. రొట్టె తిని, చేతులు దులుపుకుని, ఎదురుగాలికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయేది.

బెట్సీ బ్యాడ్జి పోయిన మర్నాడు లంచ్‌లో మీటింగ్ పెట్టాం. క్లాసంతా వచ్చింది. నేనొచ్చాను. రెండుచోట్లా క్లీనింగ్ చేసే శిరోమణి ఆంటీ గ్లవ్స్ తీయకుండానే వచ్చి కూర్చుంది.

సిగ్రిడ్ ముందే ఆలోచించుకుని వచ్చింది. "అధికారులకి ఫిర్యాదు నేనొక్కదాన్నే చేస్తాను. నన్ను ఎవరూ ఏ దేశానికీ పంపలేరు. మీరు మాట్లాడకుండా కోర్సు పూర్తి చేయండి."

గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. "సూపర్ మేడం! ఓటేసేద్దాం, ఆకలేస్తోంది," అన్నాడు అభినయ్.

"నీ ఆకలి కాసేపాపు బాబూ," అంది శిరోమణి ఆంటీ. "ఆవిడేం చూసిందని చెప్పుద్దీ? ఆ పొద్దున ఆవిడ ఈడ లేదు. కేకుకి ఎవరు పంపారో తెలిసినోడు ఆడు." గ్లవ్ వేలు వినీత్ వైపు తిరిగింది.

"నన్నెందుకు ఇరికిస్తున్నరు ఆంటీ? నేను చెప్తే నేను గూడ పోత!"

"ఒక్కడివే చెప్తే పోతావ్," అంది బెట్సీ. "నేనూ ఒక్కదాన్నే ఉన్నాననేగా పోయాను. కేక్ బాగుందా ఇంతకీ?"

వినీత్ మొహం ఎర్రబడింది. "తినలె," అన్నాడు. కాసేపాగి, "అందరొస్తరా మరి? నేను చెప్తుంటే ఎనకాల ఎవరన్న ఉంటరా?"

"అందరం బయటికొస్తే లోపల ముసలోళ్ళ గతేంటి?" కావ్యశ్రీ లేచింది. "వాళ్ళ ప్యాడ్లు ఎవరు మారుస్తారు? అంకుల్ మారుస్తాడా?"

"రెగ్యులర్ వాళ్ళం మేం లోపలుంటాం," అంది ఆంటీ. "సెలవులో ఉన్నోళ్ళని కూడా పిలుస్తా. ఏ మనిషీ తడిలో ఉండడు. నాదీ పూచీ."

అలా అరుచుకుంటూనే తీర్మానం తయారైంది. శనివారం పొద్దున ముసలివాళ్ళ పిల్లలు చూడటానికి వస్తారు. మేం గేటు బయట నిలబడాలి. జరిగింది వినీత్ చెప్పాలి. బెట్సీ లోపలికి వెళ్తేనే మిగతావాళ్ళు వెళ్ళాలి.

నేను సిగ్రిడ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది.

"వద్దు. నా బడిలో పిల్లలు ఒకసారి నా మాట విని పరీక్ష బహిష్కరించారు. అందరినీ ఫెయిల్ చేశారు. టూరె అని ఒక అబ్బాయి చేపల పడవెక్కాడు, మళ్ళీ పుస్తకం పట్టలేదు. నష్టపోయింది వాళ్ళు. నేను కాదు."

ఆమె అంత గట్టిగా వాదించడం ఎప్పుడూ చూడలేదు. గెలవాలని వాదించింది. తన ప్రతిపాదనకి తనే చెయ్యెత్తింది. అలవాటుగా అందరం ఆ చెయ్యి చూశాం. అభినయ్ చెయ్యి భుజందాకా వచ్చింది.

"ఆవిణ్ణి చూడకండ్రా! మీ చెయ్యి మీదేగా?" అంది బెట్సీ.

అభినయ్ చెయ్యి దిగింది. సిగ్రిడ్ చెయ్యి ఒక్కటే గాల్లో మిగిలింది. తర్వాత రెండో తీర్మానానికి గదంతా చేతులే. ఆమె లేచి, బోర్డు మీద తన ఓటమిని తనే రాసింది. బయటికెళ్ళి సైకిల్ తాళానికి రెండుసార్లు తప్పు చెవి పెట్టింది. సంతోషమా, భయమా? నేను అడగలేదు.

శుక్రవారానికల్లా కిషన్‌రావుకి తెలిసిపోయింది. సిగ్రిడ్‌ని ఆఫీసుకి పిలిచాడు. ఆమె కంప్యూటర్ అకౌంట్ మూసేయడానికి నన్నూ పిలిచాడు.

"పిల్లల్ని రెచ్చగొట్టింది నువ్వే," అన్నాడు ఇంగ్లీషులో.

"అది మీటింగ్ నిర్ణయం," అందామె.

"అంకుల్, ఆమె వద్దనే ఓటేసింది!" అన్నాను. సిగ్రిడ్ నా వైపు తిరిగింది. "లాస్యా, అది మన లోపలి విషయం," అంది. తాళంచెవులు టేబుల్ మీద పెట్టి బయటికి నడిచింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఒక గిన్నెలో సూప్ వేడి చేస్తోంది. నాకూ పోద్దామని రెండో గిన్నె కోసం చాలాసేపు వెతికింది. దొరికాక దుమ్ము కడగాల్సొచ్చింది.

"రేపు రండి మేడం," అన్నాను.

"నేనిప్పుడు అక్కడ పనిచేయడం లేదు. నాకు ఓటు లేదు."

"ఊరికే నిలబడండి చాలు."

"నేను మీ మధ్య నిలబడితే మీరు మళ్ళీ నన్నే చూస్తారు." సూప్ సగం నా గిన్నెలో పోసి, నా ముందుకి తోసింది.

శనివారం గాలి మమ్మల్ని గేటు మీదికి నెడుతోంది. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ముందు మేం భయం భయంగా కార్ల మధ్య నిలబడ్డాం. తర్వాత ముసలివాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే ఆగారు. వినీత్ రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. మూడోసారి వాల్టర్స్ తాత కూతురి మొహం చూస్తూ మొత్తం చెప్పాడు. కేక్ సంగతి కూడా చెప్పాడు. ఆమె అప్పుడే గేట్లోంచి వచ్చిన కిషన్‌రావు వైపు తిరిగి, "నిజమేనా?" అంది. ఆయన ఆమెని దాటుకొచ్చేశాడు. మా దగ్గరికొచ్చి తెలుగులోకి దిగాడు.

"ఇదేంది బిడ్డా, నలుగుట్ల? ఇంటికి రాండ్రి, మాట్లాడుకుందాం. ఆంటీ టిఫిన్ చేస్తది."

ఎవరూ కదల్లేదు.

"మంచిది. అందరి కోర్సులు క్యాన్సిల్. లాస్యా, సిస్టంల క్లోజ్ చెయ్."

"చెయ్యను అంకుల్," అన్నాను. "మీటింగ్ నడుస్తోంది."

"ఏం మీటింగ్? ఎవర్రా మీ లీడర్? ఆ ముసల్దేనా?"

అప్పుడు బెట్సీ ముందుకొచ్చింది. మెడలో బ్యాడ్జి లేదు. "బెట్సీ మళ్ళీ లోపలికెళ్ళాలనేవాళ్ళు చేతులెత్తండి," అని అరిచింది, తన పేరు తనే చెప్పుకుంటూ. మా చేతులన్నీ లేచాయి. లోపలి కిటికీలో శిరోమణి ఆంటీ గ్లవ్ లేచింది, ఆమె పక్కన ఇంకా కొన్ని గ్లవ్స్ లేచాయి.

"మీరూ ఎత్తొచ్చు అంకుల్," అంది బెట్సీ. "మీరూ ఇక్కడే పనిచేస్తున్నారుగా. మీకూ ఒకటుంది. ఒకటే."

రోడ్డు అవతల సిగ్రిడ్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. రోడ్డు దాటలేదు. నేను చూశానని ఆమెకి తెలిసింది, తల అడ్డంగా ఊపింది. నేను మొహం తిప్పేసుకున్నాను.

ఇంకెవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ కిషన్‌రావు చెయ్యి వైపు చూస్తున్నారు.