ఇస్సాకు తిప్పిన ఇసుర్రాయి

కౌకూర్‌ల కృపమ్మ అవ్వ పొద్దుగాల లేచి చేసే మొదటి పని ఇసుర్రాయి ముంగట కూసునుడు. జొన్నలో, పెసలో, ఏదో ఒకటి. ఆమె తిప్పుతుంటే పిండితో పాటు ఆమె పాత మాటలు కూడా రాలుతయి: ఎన్నడో పోయిన మొగుణ్ని తిట్టిన తిట్లు, బర్రెను అదిలించిన కేకలు. ఆ రాయి దగ్గర ఎవరేమన్నా లోపల పడి ఉంటది. అన్నోళ్లే తిప్పితే బయటికొస్తది. ఈ సంగతి వాడకట్టు మొత్తానికి తెలుసు. అందుకే చాడీలు చెప్పుకునేటోళ్లు గోడవతల కూసుంటరు.

అవ్వ మనవరాలు మనీషా. 1996ల బెన్నీతోని పెండ్లయింది. రెండేండ్లు తన్నులు తిని పుట్టింటికొచ్చింది. 2003ల కోర్టు విడాకులిచ్చింది. ఆ కాయితం చేతికందిన నాడు స్వీట్లు పంచింది, పిచ్చిపిల్ల! శామీర్‌పేటల నర్సరీ నడిపే అంతోని తనను చేసుకుంటనన్నడు. గుడిల పెండ్లి చాటింపు వేయించుకుందామని ఫాదర్ దగ్గరికి ఉరికింది.

"కోర్టు తెంపింది సర్కారు ముడి, బిడ్డా," అన్నడు ఫాదర్. "మన కతోలిక సభ లెక్కల ఆ పెండ్లి ఇంక ఉన్నట్టే. ఆ నాటి నీ సమ్మతి నిజమైంది కాదని బిషప్పుగారి న్యాయపీఠం తేల్చాలె."

"నేను అప్పుడే వద్దన్న ఫాదర్!"

ఇంటికి పిలిచి, రాయి తిప్పి వినిపించింది కూడా. పెండ్లి లడ్డూలకు శెనగపప్పు ఇసిరిన నాటి గొంతు: "నాకొద్దు నాయినా."

"వద్దనుడు వేరు, భయపెట్టి ఒప్పించుడు వేరు," అన్నడు ఫాదర్. "భయపెట్టినోళ్లు చెప్పాలె."

చెప్పాల్సింది ఆమె నాయిన ఇస్సాకు. ఆయన గుడిల ఉపదేశి. పెండ్లి జంటలను కూసుండబెట్టి "ఇష్టపడే చేసుకుంటున్నరా?" అని అడిగేది ఆయనే. అసొంటోడు సొంత బిడ్డను అడగలేదని ఒప్పుకుంటడా? ఏడాదిగా ఒకటే పాట: "సంతోషంగనే పోయింది." ఇసుర్రాయి ఉన్న అర్రలకు అడుగే పెట్టడు. మనీషాకు ఆ ఇంట్ల ఊపిరాడుతలేదు. ఎవరి పెండ్లామూ కాదు, ఎవరినీ చేసుకోరాదు. అంతోని ఇంట్ల వేరే సంబంధాలు చూస్తున్నరు.

సాక్ష్యం రాసుకోను ఫాదర్ ఇంటికే వచ్చిండు. ఇస్సాకు బైబిలు మీద చెయ్యి పెట్టిండు. లోపలినుంచి అవ్వ కేకేసింది.

"ఇస్సాకూ! నా భుజం గుంజుతాంది. గీ శెనగపప్పు ఇసిరిపెట్టు జర."

"ఇప్పుడా అమ్మా?"

"ఇప్పుడే. కన్నతల్లిని అడుగుతున్న."

పోయి కూసున్నడు. గుప్పెడు పప్పు పోసి పిడి పట్టుకున్నడు. మెల్లగ తిప్పిండు. ఎనిమిదేండ్ల కింది తన గొంతు గరగరమంటూ వచ్చింది: "మాటిచ్చిన. నువ్వు కాదంటే..."

చెయ్యి ఆగింది. రాయి కూడా ఆగింది. అక్కడితో లేచిపోతే ఆ మిగిలిన మాట ఎన్నటికీ ఫాదర్ చెవిన పడదు. మనీషా దర్వాజ పట్టుకుని నిలబడ్డది.

ఇస్సాకు బిడ్డ మొఖం చూసిండు. కండ్లు మూసుకుని గట్టిగ తిప్పిండు.

"...కాదంటే తెల్లారి నా శవం చూస్తవు. పురుగుల మందు తెచ్చి పెట్టుకున్న."

ఫాదర్ రాసుకున్నడు. "ఇది చాలు," అన్నడు నెమ్మదిగా.

మనీషా వచ్చి నాయిన ఎదురుంగ కూసున్నది. పప్పు ఇంక సగం మిగిలుండె. తనూ పిడి పట్టుకున్నది.

"నాకొద్దు నాయినా," అన్నది రాయి.

"సరే బిడ్డా," అన్నడు ఇస్సాకు.