క్యాలెండర్లో లేని రోజు

"చిన్నోడు ఈరోజు కనిపించాడే," అంది తల్లి, ఫోను కూతురి ముందుకు జరుపుతూ.

తల దువ్వుకుంటున్న కూతురి చెయ్యి ఆగిపోయింది. ఆమె తప్పిపోయినవాళ్ల ఆచూకీ చూసే ఆఫీసులో ప్రోగ్రామరు. తమ్ముడు ఇంట్లోంచి వెళ్లిపోయి తిరిగి రాకపోయాక, ఏరికోరి ఆ ఆఫీసులోనే చేరింది. ఫోన్లో ఉన్నది తమ ఆఫీసు పేజీయే. తమ్ముడి ఫొటో, దాని కింద "చివరిసారి కనిపించినది" అన్నచోట ఆ రోజు తేదీ. మొన్నమొన్నటిదాకా అక్కడ ఏమీ ఉండేది కాదు.

"నిన్న చూస్తే నిన్నటి తేదీ ఉంది. రోజూ ఎవరో ఒకరి కంట పడుతూనే ఉన్నాడు. ఇప్పుడు మనం ఇల్లు ఖాళీ చేస్తే, వాడొచ్చి ఏ తలుపు కొట్టాలి?"

అసలు తంటా అంతా అక్కడే ఉంది. వాళ్లుండే భవనాన్ని కూల్చేస్తున్నారు. పై వాటాలవాళ్లు, కింది వాటాలవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. మిగిలింది వీళ్లిద్దరే. నెలాఖరుకు నీళ్లూ కరెంటూ కట్ చేస్తామని యజమాని తెగేసి చెప్పాడు. కాళ్లావేళ్లా పడి తల్లిని ఒప్పించి, సామాన్లు అట్టపెట్టెల్లో సర్దేవేళకు ఈ తేదీ వచ్చి కూర్చుంది. నాలుగు రోజుల కిందటే తల్లి కారణం చెప్పకుండా పెట్టెలు విప్పేసి, చిన్నోడి చొక్కాలు మళ్లీ అలమరలో పెట్టింది. ఖాళీ మెట్ల మీద ఏ చప్పుడైనా లేచి వెళ్లి తలుపు తీస్తోంది. ఎలకలమ్మా అంటే, "ఎలకలు చెప్పులేసుకుంటాయా?" అని ఎదురడుగుతోంది. నిజం చెప్పాలంటే కూతురికీ ఒకటిరెండుసార్లు చెప్పుల చప్పుడే వినిపించింది. ఆ మాట ఆవిడ దగ్గర పైకి అనలేదు.

ఆఫీసుకు వెళ్లేసరికి ఫోన్లు మోగిపోతున్నాయి. మా ఆయన ఈరోజు ఎక్కడ కనిపించాడు, మా అమ్మాయిని ఎవరు చూశారు అని ఒకటే ప్రశ్నలు. సంగతేమిటో తేల్చమని పై అధికారి ఆమెకే అప్పజెప్పాడు.

ఫోన్లు చేసినవాళ్ల వివరాలు తీసుకుని నేరుగా డేటాబేసులో చూసింది. అక్కడ ఈరోజు తేదీ లేదు. వాళ్లందరికీ తేదీ చోట సున్నాలే ఉన్నాయి, రోజుకీ నెలకీ ఏడాదికీ కూడా. అది కౌంటరువాళ్ల అలవాటు. ఎప్పుడు పోయారో తెలియదని ఇంటివాళ్లంటే సున్నాలు కొట్టి తర్వాతివాళ్లను పిలుస్తారు. తమ్ముడికీ అవే సున్నాలు. అతను వెళ్లేనాటికి ఆమె ఉద్యోగం మీద వేరే ఊళ్లో హాస్టల్లో ఉంది. తల్లే వచ్చి, ఏ రోజో గుర్తులేదని చెప్పి వెళ్లింది.

మరి ఈ సున్నాలు ఈరోజుగా ఎలా మారాయి? డేటాబేసుకూ పేజీకీ మధ్య డ్రైవరని ఒకటుంటుంది. బండి తోలే డ్రైవరు కాదు, ఇటు మాట అటు చేరవేసే సాఫ్ట్‌వేరు. పాత డ్రైవరు మెతక మనిషి, సున్నాలు కనిపిస్తే నోరు మూసుకుని ఖాళీ ఇచ్చేది. దాన్ని తీసేసి ఈమధ్యే కొత్తది పెట్టారు. ఆమె తన కంప్యూటర్లో రెండింటినీ పెట్టి చూసింది. కొత్తది ససేమిరా అంది. అలాంటి రోజు క్యాలెండర్లో లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. కానీ జనం చూసే పేజీ ఆగడం లేదు, హాయిగా తేదీ చూపిస్తోంది. అంటే మధ్యలో ఎవరో ఆ ఎర్రర్‌ను మింగేస్తున్నారు.

ఎవరో వెతకనక్కర్లేదు. ఏ చిక్కొచ్చినా ఎలాగోలా సర్దేస్తాడని ఆఫీసులో అందరూ సర్దుబాటు అని పిలిచే సీనియరు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు.

"ఒక్క సున్నాల వరస తగిలితే చాలు, పేజీ మొత్తం పడకేసేదండీ," అన్నాడు అతను తాపీగా. "అందుకని చదవలేని తేదీ వస్తే ఇప్పటి తేదీ పెట్టి ముందుకు పొమ్మన్నాను."

"ఏ తేదీ దొరక్క ఈరోజుదే పెట్టారా?"

"ఈరోజైతే క్యాలెండర్లో ఖాయంగా ఉంటుంది కదండీ."

కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. తీసెయ్యాల్సింది ప్రోగ్రాములో అతను రాసిన ఒక్క లైను. సున్నాలొస్తే ఖాళీ ఇవ్వమని డ్రైవరుకు చెప్పే అమరిక ఒకటి ఉంది, దాన్ని పెట్టాలి. పది నిమిషాల పని. అయినా కీబోర్డు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఈ లైను ఉన్నన్నాళ్లూ తమ్ముడు ఎక్కడో ఒకచోట రోజూ కనిపిస్తూనే ఉంటాడు. తీసేస్తే తన చేతులతో తనే వాణ్ణి వీధిలోకి నెట్టి తలుపేసినట్టు అనిపించింది. చివరికి లైను తీసేసి, ఆ అమరిక పెట్టింది.

మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోను చేశాడు.

"నిన్నటిదాకా మావాడు కనబడుతూనే ఉన్నాడు కదమ్మా, ఇప్పుడెక్కడ పెట్టారు?"

తప్పు మాదేనండీ అంది. ఆయన తప్పు సంగతి అడగనేలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి ఫోను ఒళ్లో పెట్టుకుని, అలమర తలుపులు తెరిచి, దాని ఎదురుగా కూర్చుని ఉంది.

"నువ్వే తీసేశావా?"

"అవునమ్మా. వాణ్ణి ఎవరూ చూడలేదు. సున్నాలు చదవడం చేతకాక మిషనే ఆ తేదీలు పుట్టించింది. ఏ రోజో గుర్తులేదన్నావుగా, అందుకే కౌంటర్లో సున్నాలు పెట్టారు."

తల్లి ఫోను బోర్లా పెట్టింది.

"కన్నదాన్ని, నాకు గుర్తులేకపోవడమేంటే? ఆ రోజు చెబితే అక్కణ్ణుంచి లెక్క మొదలవుతుంది. ఇన్నాళ్లయింది, ఇన్నేళ్లయింది అంటారు. ఆ లెక్క నా నోటితో మొదలెట్టడం ఇష్టంలేకపోయింది."

కూతురు పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లూ అమ్మకు మతిమరుపనే అనుకుంది. బిడ్డ వెళ్లిపోయిన రోజే మరిచిపోయిందని లోపల్లోపల తప్పు కూడా పట్టింది. ఇప్పుడు తల్లి తేదీ, నెల, ఏడాది, పూటతో సహా చెప్పింది. వాడు ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాడనీ, గొళ్లెం సరిగా పడక తలుపు రెండుసార్లు లాగాడనీ చెప్పింది. బయట మెట్ల మీద ఏదో చప్పుడైంది. ఇద్దరూ విన్నారు. ఎవరూ లేవలేదు.

మర్నాడు తల్లి తనే కౌంటరుకు వచ్చి ఆ తేదీ రాయించింది. డ్రైవరు ఏ పేచీ పెట్టకుండా చదివింది.

ఆ తర్వాతి రోజు పొద్దున్న నిద్ర లేవగానే ఆవిడ ఫోను తెరిచి చాలాసేపు చూసింది.

"మారలేదే," అంది.

"ఇంక మారదమ్మా," అంది కూతురు. తల్లి తలూపి, లేచి చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది.