వెలుగు పోకముందే నిమ్మరసం

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయినప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో చిక్కుకుపోయిన వాళ్లలో ఇసూఫ్ దెంబెలే ఒకడు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో అతని దేశం. బెల్జియంలో ఉంటూ సినిమాలు తీస్తాడు. ఊళ్లో దిగడానికి చోటు లేకపోతే మావారు రామ్మోహన్ విత్తనాల దుకాణం మీది గది అద్దెకిచ్చారు. నేను జనగామలో డిగ్రీ చదివినదాన్ని కాబట్టి అతని ఇంగ్లిషును ఊరికీ, ఊరి మాటను అతనికీ చేరవేసే పని నామీద పడింది.

"గా నల్లోన్ని ఇంట్ల ఎట్ల పెట్టుకున్నవక్కా?" అని ఎదురింటి మంజుల నన్ను వాకిట్లోనే పట్టుకుంది.

"నువ్వు జర తెల్లగున్నవని మురుస్తున్నవా?" అన్నాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

రంగు ఒక్కటే కాదు, కెమెరా అంటేనే మావాళ్లకు మంట. మా మాటను రౌడీల నోట్లో, పనివాళ్ల నోట్లో పెట్టి నవ్వించిన సినిమాలు చూస్తూ పెరిగాం మరి.

భోజనం దగ్గర ఒకసారి అతను తన సంగతి చెప్పాడు. మొదటి సినిమాకు బహుమతి వచ్చిందట. తర్వాత ఏ నిర్మాత దగ్గరికి పోయినా ఒకటే ప్రశ్న: "ఇందులో కరువు ఉందా?" ఉంటే డబ్బిస్తారు, లేకపోతే కాఫీ ఇచ్చి పంపిస్తారు. తన ఊరి పెళ్లి కథ ఒకటి పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి, కావాలని తిండి మానేసి కూర్చునే మనుషుల మీద తీస్తానంటే ఒక టీవీవాళ్లు ఒప్పుకున్నారు. వాళ్ల లెక్కలో అదీ ఆకలే. మా దీక్షలు తీయడానికే ఇటు వచ్చాడు.

"ఇది కూడా పూర్తి చేయకపోతే ఇంక నాకెవరూ సినిమా ఇవ్వరు," అన్నాడు, ఉప్పు అందించమన్నంత మామూలుగా.

తెలంగాణ కోసం పెట్టిన రిలే నిరాహార దీక్షా శిబిరం రోడ్డు పక్కనే. గంగారం దగ్గరి తండా నుంచి వచ్చి ఇక్కడ పంతులుగా చేస్తున్న భద్రు దాన్ని నడిపేవాడు. రోజుకో జట్టు పొద్దున కూర్చుంటుంది, పొద్దుగూకాక పెద్దమనిషి ఎవరైనా నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తారు. ఆ రోజు ఆడవాళ్ల వంతు. మధ్యలో సరోజ కూర్చుంది. తరిగొప్పుల నుంచి నాట్లకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కూలిమనిషి.

నిమ్మరసం ఇచ్చే ఘట్టంతోనే ఇసూఫ్ సినిమా ముగియాలి. అయితే భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగి, చీకటి పడేసరికి కరెంటు పోతోంది. ఎండ రైసుమిల్లు గోడ వెనక్కి దిగితే టెంటు లోపల మొహాలు కనిపించవు. అతను ఆకాశం వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"నిమ్మరసం ఇప్పుడే ఇచ్చేయమనండి. కాస్త ముందైతే ఏం తేడా?"

మెత్తగా మార్చి చెప్పవచ్చు. అడిగింది అడిగినట్టే చెప్పాను.

"ఏంది? ఇంకోపారి చెప్పు వదినె," అన్నాడు భద్రు. చెప్పాను. అతని గొంతు లేచింది. "రేపు పేపర్ల ఏమొస్తది? కెమెరా కోసం తెలంగాణోళ్లు దీక్ష ఇడిసిండ్రని! వీన్ని ఎవడు పంపిండు?"

"కెమెరా గుంజుకోండ్రి!" అని వెనకనుంచి కేక.

"పొద్దుండంగనే ఇడుస్తె గది దీక్షనా, నాష్టానా?" అంది సరోజ. ఆడవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు కేకకంటే చేదుగా ఉంది.

మావారు దుకాణం వదిలి పరుగున వచ్చారు. "ఇంటికి నడువ్. రేపు మన షటర్ ముంగట టైర్లు కాలుస్తరు."

ఇసూఫ్ నన్నే చూస్తున్నాడు. "ఏమంటున్నారో చెప్పండి. అన్నీ చెప్పండి." తిట్లతో సహా చెప్పాను. తప్పైందని చెప్పమన్నాడు. అదీ చెప్పాను.

భద్రు అతన్నీ కెమెరానూ ఎగాదిగా చూశాడు. "సరే. రేపు బ్యానర్ పట్టుకుని టెంటుల కూసోమను. పేపరాయనను పిలుస్త. ఆఫ్రికా దర్శకుని మద్దతు అని ఫొటో ఏస్తడు. గప్పుడు ఎంత తీసుకుంటడో తీసుకోమను."

అది విని ఇసూఫ్ నవ్వాడు. "అక్కడ యూరప్‌లో ప్రతి చిత్రోత్సవంలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. ఫొటో అయ్యాక నా కథ ఎవరూ వినరు. ఇంక ఎవరి ఫొటోకూ కూర్చోనని చెప్పండి."

"గంత షాన్‌దారోడైతే రేపటికల్లా ఊరిడిసి పొమ్మను," అన్నాడు భద్రు. "ఇంకోపారి కెమెరా లేస్తె పలగ్గొడ్త."

ఇసూఫ్ లెన్సుకు మూత పెట్టాడు. కానీ కదల్లేదు, టెంటు గుంజ పక్కనే నిలబడ్డాడు. ఎండ దిగింది. కరెంటు రాలేదు. ఎవరో కందిలి ముట్టించి తెచ్చారు. రిటైరైన పోస్టుమాస్టరు ఒక్కొక్కరికీ గ్లాసు అందిస్తుంటే, నేను బిందెలోంచి ముంచి పోశాను. అందరికీ పోయగా ఒక గ్లాసు మిగిలింది. ఇసూఫ్ పొద్దున్నుంచి ఏమీ తినలేదని నాకు తెలుసు. నేను పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. గ్లాసు అతని వైపు చాచాను.

సరోజ నా మణికట్టు పట్టుకుంది. "గది ఉపాసమున్నోళ్లది అక్కా."

"ఈయన పొద్దటి సంది ఏం తినలే సరోజా."

"తినకుంటె ఉపాసమైతదా? కూలి దొరకని నాడు మేం గూడ తినం. గది ఉపాసమని ఎవలకన్న చెప్పుకుంటమా? ఇయ్యాల ఇంట్ల అన్నమొండి, పోరగాండ్లకు పెట్టి, కుండ మీద మూత పెట్టి వచ్చి కూసున్న."

గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కావిడకు ఇచ్చేసింది. ఏమందని ఇసూఫ్ అడిగాడు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అతని వేళ్లు లెన్సు మూత మీదికి పోయాయి.

"కందిలి దగ్గరికి జరిగి, ఆ మాట ఇంకొక్కసారి అనమని ఆమెను అడుగుతారా?" అన్నాడు మెల్లగా.

భద్రు మా వైపే వస్తున్నాడు. సరోజ కళ్లు పైకెత్తింది.

"ఏమంటుండక్కా?"

"పోతనంటుండు," అన్నాను.