అలకకు కేటాయించిన వేళ

ఆ వడ్రంగి కార్ఖానాలో ఇదివరకు ఎవరికి ఏ సందేహం వచ్చినా పెద్దన్న వైపే చూసేవారు. ఇప్పుడు అందరి తలలూ అతని తమ్ముడి భార్య వైపు తిరుగుతున్నాయి. ఉలి పట్టని చేయి, రంపం ఎత్తని చేయి, ఫోను మాత్రం దించని చేయి! ఆ చేతి సైగకు కరెంటు పనివాడూ, రంగులవాడూ, అద్దాలవాడూ ఒకరికొకరు అడ్డుపడకుండా వచ్చిపోతుంటే పెద్దన్నకు ఒళ్లు మండిపోయేది.

మందుల దుకాణానికి అరలూ కౌంటరూ అమర్చే పని వచ్చినప్పుడు తండ్రి తేల్చేశాడు.

"ఇది గడువుకి అందిందంటే కార్ఖానా పెత్తనం చిన్నకోడలిదేరా."

"తను చేసేదేముంది నాన్నా? నువ్వు రా, నువ్వు పో అనడమేగా!"

"నీ హయాంలో ఆ బట్టల షాపుకి రంగు ఆరకముందే అరలు బిగించి మళ్లీ ఊడదీశాం. ఆ షాపాయన మళ్లీ మన గడప తొక్కాడా?"

పెద్దన్న చేతిలో ఉలి బల్ల మీద పడేసి లేచిపోయాడు.

వంపు తిరిగే కౌంటరు అతను తప్ప మరొకరు చేయలేరు. సరిగ్గా దాని వంతు వచ్చిన ఉదయమే అతనికి నడుము పట్టేసింది. ముసుగు తన్ని పడుకుని, మరదలు వచ్చి బతిమాలుతుందని చెవులు రిక్కించాడు. ఆమె రాలేదు.

"నొప్పి నడుములోనా, కడుపులోనా?" అంది భార్య.

"నడుములోనే!"

"మంట మాత్రం మొహంలో కనిపిస్తోంది."

మర్నాడు ఉండబట్టలేక దుకాణానికి వెళ్లాడు. పనంతా పడకేసి ఉంటుందనుకున్నాడు. రంగులవాడు వెనకగదిలో ఈల వేస్తూ కుంచె ఆడిస్తున్నాడు. కరెంటు పనివాడు దీపాలు బిగిస్తున్నాడు. కౌంటరు చోటు మాత్రం ఊడ్చి, తుడిచి, అతని కోసమే ఖాళీగా ఉంచారు.

"పని ఆగలేదేం?" అన్నాడు, ఆగనందుకు కుమిలిపోతూ.

"మీ అలకకి కూడా టైం పెట్టానండి బావగారూ. ప్రతి పెద్ద పనికీ ఓసారి అలుగుతారుగా! మీ చెయ్యి అక్కర్లేనివన్నీ ఆ టైంలోకి జరిపాను."

రంగులవాడు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

తన కోపాన్ని కూడా చెక్కముక్కలా కొలిచి బిగించేసిందా! ఎలాగైనా ఆమె లెక్క తప్పించాలి. ఉలి మోగింది, చిత్రిక ఊగింది, పొట్టు పూలై రాలింది. అనుకున్నదానికంటే ముందే, నీటి అలలా నున్నగా, కౌంటరు మూల తిరిగింది.

"ఏమ్మా, నీ లెక్క తప్పిందిగా! ఇంత ముందే అయిపోతుందనుకోలేదుగా?"

గుమ్మంలో అద్దాలవాడు దగ్గాడు. "కౌంటరుకి అద్దం బిగించడానికి అమ్మగారు ఇవాళే రమ్మన్నారండి. కోపం మీదుంటే మీ చెయ్యి జోరుగా ఆడుతుందటగా."

పెద్దన్న పొట్టులోనే కూలబడ్డాడు. అసూయకూ అలుపుంటుందని అప్పుడే తెలిసింది.

"సరే, పెత్తనం నీదేలే. మరి నేను సంతోషపడితే? దానికెంత టైం పెట్టావు?"

ఆమె మొదటిసారి తడబడింది. "పెట్టలేదండి. ఎప్పుడూ చూడలేదుగా."

ఆమెకు అంతుచిక్కనిది ఒక్కటైనా తనలో మిగిలినందుకు, అతను చిత్రిక మీదకు వంగి, ఎవరికీ కనిపించకుండా నవ్వుకున్నాడు.