ఈత రానివారు దిగరాదు

నేను ఒక రేకు బోర్డును. మంజీర ఒడ్డున, ఒక రిసార్టువారి మెట్ల పక్కన నిలబడి ఉంటాను. మునుపు జోగిపేటలో ఎరువుల దుకాణం నెత్తిన ఉండేదాన్ని. అది మూతపడ్డాక పెయింటర్ ఖాజామియా నన్ను తెచ్చి, గీకి, పసుపు పూసి, ఎర్రగా రాశాడు: "మొసళ్లున్నాయి. నీళ్లలో దిగరాదు." ఆ రోజు నా గర్వం చూడాలి! యూరియా ధరలు మోసిన ఒంటికి ప్రాణాలు కాపాడే ఉద్యోగం దొరికింది.

నెల తిరక్కుండానే మేనేజరు మాణిక్‌రావు మొహం మాడ్చుకుని వచ్చాడు. నన్ను చదివి ఒక పెళ్లిబృందం వెనక్కి పోయిందట.

"మియాభాయ్, ఆ మాట తీసెయ్. జనం బెదురుతున్నరు. 'లోతు ఎక్కువ, ఈత రానివారు దిగరాదు' అని రాయి."

"మరి ఈతొచ్చినోళ్లు, సాబ్?"

"ఈతొచ్చినోళ్లు ఎందుకు మునుగుతరయ్యా?"

పామూ చావకుండా, కర్రా విరగకుండా పని అయిపోయిందని ఆయన సంతోషం. నాకు మాత్రం అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు. ఎదుటి ఇసుకతిప్ప మీద ఒక మొసలి ఎండ కాచుకుంటుంది. అతిథులు దాన్ని దుంగ అనుకుని ఫొటోలు తీసుకుంటారు.

మొన్న హైదరాబాదు నుంచి మనస్విని అనే పిల్ల తండ్రితో వచ్చింది. నన్ను పైకి చదివి ఎగిరి గంతేసింది.

"నాన్నా, నాకు ఈతొచ్చు కదా! స్కూల్లో నేనే ఫస్టు!"

తండ్రి కూడా నన్ను చదివాడు. "సరే గాని, దూరం పోవద్దు" అన్నాడు.

అరవాలని ఉంది. రేకుకు నోరెక్కడిది? ఆ పిల్ల నాలుగు బారలు వేసిందో లేదో, తిప్ప మీది దుంగ కనిపించలేదు.

వరండాలోంచి అది చూసినవాడు మాణిక్‌రావే. చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నా ఒంటిమీంచి చెరిపించిన మాటనే గొంతు చించుకుని అరిచాడు: "మొసలి! బిడ్డా, మొసలి! ఒడ్డుకు రా!"

తండ్రి నీళ్లలోకి దూకి, జుట్టు పట్టి లాగాడు. మడమ దగ్గర కండ ఊడింది గాని, ప్రాణం దక్కింది. ఆ పిల్ల నన్నే చూసింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నిన్న ఖాజామియా మళ్లీ రంగు డబ్బాలు తెచ్చాడు. ఈసారైనా నా మాట నాకు దక్కుతుందని ఆశపడ్డాను. మాణిక్‌రావు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"రిసార్టు సేఠ్ ఒప్పుకుంటలేడు, మియాభాయ్" అన్నాడు తల దించుకుని. "'జలచరములు కలవు' అని రాయి. అబద్ధమైతే గాదు గదా."

ఈ పొద్దున ఒక చిట్టితల్లి నన్ను కూడబలుక్కుని చదివింది.

"అమ్మా, జలచరములంటే?"

"చేపలమ్మా. రా, చూద్దాం."

ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని మెట్లు దిగుతున్నారు.