రేడియోకు పడ్డ తాళం

గురుప్రసాద్ తన కారుకు కొత్త బ్యాటరీ వేయించిన రోజున అతని భార్య ప్రవల్లికకు పండగలా అనిపించింది. కారు హాయిగా స్టార్టయింది. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. రేడియో మాత్రం నోరు విప్పలేదు. దాని చిన్న తెర మీద "కోడ్" అన్న మాట, దాని పక్కన నాలుగు గీతలు వచ్చి అలాగే నిలబడిపోయాయి.

గురుప్రసాద్‌ది తెనాలి దగ్గర పల్లె. కర్ణాటకలో రాయచూరు దగ్గర శక్తినగర్ థర్మల్ ప్లాంటులో బాయిలర్ల మీద ఇంజనీరు. కాలేజీ రోజుల్లో పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవాడు. ఉద్యోగం వచ్చాక వేషం పోయింది గానీ పద్యం పోలేదు. ఆ మధ్య విజయవాడలో ఒక స్టూడియో అద్దెకు తీసుకుని, తనకు వచ్చిన పద్యాలన్నీ పాడి సీడీ చేయించుకున్నాడు. హైదరాబాదులో పాత విదేశీ కారు కొన్నది కూడా దానిలో సీడీ పెట్టుకునే రేడియో బాగుందనే. సెలవు దొరికితే చాలు, భార్యను ఎక్కించుకుని రాయచూరు బయల్దేరేవాడు. సీడీలో తాను పాడుతుంటే, దానితోపాటు తానూ పాడేవాడు. ఇద్దరు గురుప్రసాదుల మధ్య ప్రవల్లిక కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చునేది.

అలాంటి రేడియోకు తాళం పడింది. దొంగల భయానికి కంపెనీ వాళ్లు పెట్టిన ఏర్పాటు అది. బ్యాటరీ తీస్తే చాలు, తనను ఎవరో ఎత్తుకుపోయారని ఆ సెట్టు అనుకుంటుంది. నాలుగంకెల కోడ్ చెబితేగాని పాడదు. ఆ కోడ్ రాసిన కార్డు చేతులు మారిన కారులో ఎక్కడ జారిపోయిందో ఎవరికీ తెలియదు. గురుప్రసాద్ తన ఊహ కొద్దీ రెండుసార్లు అంకెలు నొక్కి చూశాడు. రెండూ తప్పాయి. కారు తీసుకుని పక్కనే ఉన్న దేవసూగూరులో, కారు రేడియోలు బాగుచేసే అంబరీశ్ దుకాణానికి వెళ్లాడు. ప్రవల్లిక కూడా వెళ్లింది.

అంబరీశ్‌ది ఆ జిల్లాలోనే ఇడపనూరు. హైదరాబాదులో కొన్నేళ్లు కారు రేడియోల పని నేర్చుకుని వచ్చి ఇక్కడ దుకాణం పెట్టాడు. అతని దుకాణానికి ఆనుకునే భార్య శరణమ్మ ఫ్యాన్సీ స్టోర్. రెండింటికీ మధ్య చెక్క గోడ, దానికి ఒక కిటికీ. ఇటు మాట అటు వినబడుతుంది.

అంబరీశ్ ముందుగా కారు ఆర్సీ అడిగి చూశాడు. ఎవరి సెట్టో తెలియకుండా తాళం తీయడం అతనికి అలవాటు లేదు. తర్వాత సెట్టు డ్యాష్‌బోర్డులోంచి ఊడదీశాడు.

"రేపు ఈ టైముకల్ల పాడుతది సార్. ఇంగ మీరు నంబర్లు కొట్టి చూడొద్దు. మూడోది గూడ తప్పయితే పూరా మూసుకుంటది" అన్నాడు.

గురుప్రసాద్ సరేనని కారులో డ్యూటీకి వెళ్లిపోయాడు. ప్రవల్లిక గాజులు చూసే నెపంతో ఉండిపోయింది. అతను వెళ్లిన దిక్కు చూసి, కారు మలుపు తిరిగాక అంబరీశ్ దగ్గరకు వచ్చింది.

"తమ్ముడూ, దీన్ని విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంట గూడ పట్టదక్కా. లోపల చిన్న చిప్పు ఉంటది. దానికి గీ క్లిప్పు పెడితే అంకెలు కంప్యూటర్‌ల కనబడుతయి."

"కనబడకపోతే?"

"ఎందుకు కనబడవు? కనబడుతయి."

"కనబడకపోతే బాగుండునంటున్నాను."

అంబరీశ్ తలెత్తి చూశాడు. చెక్క గోడ అవతల శరణమ్మ నవ్వింది.

"ఏందయ్యా, గంత గూడ సమజైతలేదా? అక్కకు పద్యాలతోని పరేశాన్ అయింది. కొన్ని దినాలు మషిన్ ఖరాబైందని చెప్పు" అంది కిటికీలోంచి.

"ఖరాబు గాని మషిన్‌ను ఖరాబైందని ఎట్ల చెప్పాల? నా పేరు పోతది."

"నెల రోజులు చాలు తమ్ముడూ. ఇంట్లో ఉంటే ప్లాంటు నుంచి ఫోన్లు. కారులో కూర్చుంటే పద్యాలు. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో" అంది ప్రవల్లిక. నవ్వుతూనే అంది గానీ సెట్టు మీంచి చూపు తిప్పలేదు.

అంబరీశ్ ఆ మాటకు మెత్తబడ్డాడు. సెట్టును గుడ్డలో చుట్టి అలమరలో పెట్టేశాడు.

మర్నాడు గురుప్రసాద్ ఫోన్ చేస్తే కేబుల్ తెగిందన్నాడు. తర్వాత అడిగితే కేబుల్ వచ్చింది గానీ సాఫ్ట్‌వేర్ పట్టడం లేదన్నాడు. ఇంకోసారి అడిగితే సాఫ్ట్‌వేర్ పట్టింది గానీ దాని తాళం చెవి హైదరాబాదు నుంచి రావాలన్నాడు. అబద్ధం చెప్పడంలో అంత చెయ్యి తిరిగినవాడు కాదు పాపం. చెప్పిన ప్రతిసారీ చెమటలు పట్టేవి.

ఆ ఆదివారం రేడియో లేని కారులో భార్యాభర్తలు రాయచూరు వెళ్లారు. సెట్టు ఉండాల్సిన చోట డ్యాష్‌బోర్డులో చదరపు బొక్క. గురుప్రసాద్ కాసేపు ఆ బొక్క వైపు దిగులుగా చూశాడు. తర్వాత ఏమీ తోచక బాయిలర్ ట్యూబు లీకైన సంగతి చెప్పాడు. ప్రవల్లిక ఏదో అడిగింది. అతను ఇంకేదో చెప్పాడు. ఆమె తన చెల్లెలి పెళ్లిచూపుల్లో జరిగిన తికమక చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. మార్కెట్లో దిగేటప్పుడు, "అప్పుడే వచ్చేశామా?" అన్నాడు. ప్రవల్లిక ఆ రాత్రి శరణమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆ సంబరం మళ్లీ ఆదివారం దాకా కూడా నిలవలేదు.

వారం మధ్యలో ఒక సాయంత్రం ఇద్దరూ గబ్బూరు గుళ్లు చూద్దామని బయల్దేరారు. ఊరు దాటగానే గురుప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. రేడియో లేదు కాబట్టి ఆ లోటు తానే తీర్చదలచుకున్నట్టు పద్యం ఎత్తుకున్నాడు. సీడీలో పద్యం అంటే నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఇది అలా కాదు. ఆలాపనకు ఒక ఊరు, మొదటి పాదానికి ఒక ఊరు పట్టాయి. స్టీరింగ్ మీద తాళం. ప్రతి పాదానికీ అర్థం, విశేషార్థం. అయిపోయిందని ఆమె ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ మొదటికొచ్చాడు.

"మళ్లీ ఏమిటండీ?"

"వన్స్ మోర్ అడిగారుగా!"

"ఎవరడిగారు?"

"నీ కళ్లు అడిగాయి ప్రవల్లికా."

రోడ్డు పనుల దగ్గర కారు ఆగితే, పక్కనున్న పత్తి లారీ మీంచి కూలీలు చప్పట్లు కొట్టారు. అంతే, ఇంకో రెండు పద్యాలు. గబ్బూరు చేరేసరికి చీకటి పడింది. గుళ్లు చూడకుండానే వెనక్కి తిరిగారు. వెనక్కి వచ్చేటప్పుడు యుద్ధ ఘట్టం.

మర్నాడు ప్రవల్లిక ఆటో దిగీ దిగకముందే, "తమ్ముడూ, వెంటనే విప్పెయ్. రేడియోకైతే సౌండు తగ్గించే బటన్ ఉంటుంది. ఆయనకు లేదు" అంది.

శరణమ్మ పడీపడీ నవ్వింది. అంబరీశ్‌కు ప్రాణం లేచొచ్చింది. అలమరలోంచి సెట్టు తీసి, మూత విప్పి, చిప్పుకు క్లిప్పు తగిలించి, ల్యాప్‌టాప్‌లో మీట నొక్కాడు. చిప్పు దొరకలేదని వచ్చింది. క్లిప్పు సరిచేసి మళ్లీ నొక్కాడు. అదే మాట. కేబుల్ తీసి ఇంకో కేబుల్ పెట్టాడు. అదే మాట.

"వస్తలేదక్కా" అన్నాడు.

"నా దగ్గర కూడా నాటకమేనా? చాలించు ఇంక. నేనే విప్పమంటున్నాను."

"నాటకం గాదక్కా, ఒట్టు. నిజంగనే వస్తలేదు."

ప్రవల్లిక నమ్మలేదు. శరణమ్మ అసలే నమ్మలేదు. "అబద్ధం అలవాటైనట్టున్నది" అంది.

అంబరీశ్ ఆ రోజు వేరే పని ముట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు. రీడర్ పెట్టె విప్పి సోల్డరు చూసుకున్నాడు. ఇన్నాళ్లూ తాను చెప్పిన జబ్బులన్నీ ఒక్కొక్కటే నిజంగా తనిఖీ చేయాల్సి రావడం అతనికే సిగ్గుగా అనిపించింది. చివరికి మూలనున్న పాత సెట్టు ఒకటి తీసి దాని చిప్పుకు అదే క్లిప్పు పెట్టి చూశాడు. అంకెలు చక్కగా వచ్చాయి. అంటే మషిన్ బాగుంది, కేబుల్ బాగుంది, సాఫ్ట్‌వేరూ బాగుంది. ఈ సెట్టు దగ్గరే ఏదో ఉంది. ఏమిటో అంతుపట్టలేదు.

ఇంతలో గురుప్రసాద్ ఫోన్ చేశాడు.

"సార్, మషిన్ నిజంగ పనిజేస్తలేదు" అన్నాడు అంబరీశ్ హడావిడిగా.

"నిజంగా అంటే? ఇంతకు ముందో?"

అంబరీశ్ నాలుక కరుచుకున్నాడు. అవతల గురుప్రసాద్ తాపీగా, "ఆదివారం పొద్దున్నే మేమిద్దరం వస్తాం. నా ముందే చేద్దువుగాని" అని పెట్టేశాడు.

ఆదివారం నలుగురూ ఆ చిన్న దుకాణంలో సెట్టు చుట్టూ చేరారు. అంబరీశ్ టేబుల్ లైటు వేసి, క్లిప్పు పెట్టి చూపించాడు. చిప్పు దొరకలేదు. పాత సెట్టుకు పెట్టి చూపించాడు. దొరికింది. గురుప్రసాద్ కూడా కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. చిప్పుకు ఒకటో కాలు, అంటే మొదటి పిన్ను, ఎటుందో సరిగ్గా చూశావా అన్నాడు. చూశానన్నాడు అంబరీశ్. తిప్పి పెట్టి చూశావా అన్నాడు గురుప్రసాద్. తిప్పితే చిప్పు కాలిపోతది సార్ అన్నాడు. ఇద్దరికీ ఇంకేమీ తోచలేదు.

ప్రవల్లిక ఆ చిప్పు వైపే చూస్తూ ఉంది.

"దీని కాళ్లు తళతళలాడుతున్నాయేమిటి? ఆ పాతదాని కాళ్లు ఇలా లేవే. దీనికెవరో నెయిల్ పాలిష్ వేసినట్టుంది."

అంబరీశ్ భూతద్దం తెచ్చుకుని చూశాడు. నిజమే. చెమ్మ తగలకుండా ఎప్పుడో ఎవరో మెకానిక్ చిప్పు మీద పలచగా వార్నిష్ పూశాడు. అది ఎండి గాజులా మెరుస్తోంది. క్లిప్పు పళ్లు వార్నిష్ మీద కూర్చుంటున్నాయి గానీ లోహానికి తగలడం లేదు.

"అయ్యో! గింత సేపు కండ్ల ముందరనే ఉన్నది" అని నెత్తి కొట్టుకున్నాడు.

"పాలిష్ అయితే ఏముంది, పోతది" అంటూ శరణమ్మ కిటికీలోంచి నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా, దూది అందించింది. అంబరీశ్ దూదిని పుల్లకు చుట్టి, ఒక్కో కాలూ మెల్లగా తుడిచాడు. ఆరనిచ్చి క్లిప్పు పెట్టాడు. ల్యాప్‌టాప్ తెర నిండా అంకెలు బారులు తీరాయి. వాటిలో కోడ్ ఉండే చోటు అతనికి తెలుసు.

సెట్టు కారులో బిగించారు. అంబరీశ్ మీట మీద వేలుంచి ఆగాడు.

"ఇది ఆఖరుది. మీరు ముందుగాల్ల ఏం కొట్టిండ్రు సార్? ఒకవేళ గిదే నంబరు కొట్టిండ్రేమో!"

"ఒకటి నా పుట్టినరోజు. రెండోది మా పెళ్లిరోజు, మే పంతొమ్మిదో తారీఖు" అన్నాడు గురుప్రసాద్.

ప్రవల్లిక నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మన పెళ్లి పద్దెనిమిదిన."

"ముహూర్తం అర్ధరాత్రి దాటాక కదా!"

"శుభలేఖలో పద్దెనిమిదనే వేశారు. పట్టపగలు పదకొండు గంటలకు జరిగింది. మీరు ఎవరి పెళ్లికి వెళ్లారో నాకు తెలియదు."

అంబరీశ్ నవ్వు ఆపుకుంటూ అంకెలు నొక్కాడు. తెర ఒక్కక్షణం ఆరింది. మరుక్షణం గురుప్రసాద్ గొంతు, ఎన్నాళ్ల క్రితమో ఆగిపోయిన ఆలాపన మధ్యలోంచి, వీధంతా దద్దరిల్లేలా లేచింది. శరణమ్మ దుకాణంలో గాజులు చూస్తున్న ఒక పిల్ల చెవులు మూసుకుంది.

"గిదే అక్క ఆపమన్నది!" అంది శరణమ్మ ఆ మోతలో, ఎవరికీ వినబడదనుకుని. సరిగ్గా అప్పుడే ప్రవల్లిక సౌండు తగ్గించింది. మాట అందరికీ స్పష్టంగా వినబడింది.

అంబరీశ్ భార్య వైపు గుడ్లురిమాడు. గురుప్రసాద్ మాత్రం నవ్వడం మొదలుపెట్టాడు.

"నాకు తెలుసులేవమ్మా. కేబుల్ తెగిందన్న రోజు సాయంత్రమే మా కొలీగ్ ఒకాయన తన సెట్టు ఇక్కడే విప్పించుకుని వచ్చాడు. కేబుల్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఎవరు ఆపించారో కనిపెట్టడానికి ఎంతసేపు? గబ్బూరు దారిలో నేను వన్స్ మోర్‌లు ఊరికే కొట్టానా?"

"అంటే కావాలనే పాడారా?"

"యుద్ధ ఘట్టం అసలు నాకు సరిగ్గా రాదు కూడా. సగం అక్కడికక్కడ కట్టిందే."

ప్రవల్లిక నవ్వలేదు. "ఆ మొదటి ఆదివారం మీరు మాట్లాడారు చూడండి. దాని కోసం ఆపించాను. అంతే" అంది.

గురుప్రసాద్ ముఖంలో అల్లరి తగ్గింది. కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు. చిక్కసూగూరు దాకా పద్యం. అక్కణ్ణుంచి రాయచూరు దాకా నువ్వు చెప్పిందే. సరేనా?"

"తిరిగొచ్చేటప్పుడు?"

"తిరిగొచ్చేటప్పుడు పూర్తిగా నీదే."

అంబరీశ్ మెల్లగా దుకాణంలోకి జారుకోబోయాడు. గురుప్రసాద్ భుజం పట్టుకున్నాడు.

"నువ్వెక్కడికయ్యా? సెట్టు సరిగ్గా బిగిసిందో లేదో కారు నడుపుతూ చూడొద్దూ? వెనక ఎక్కు."

"దుకాణం ఉన్నది సార్..."

"పో పో. నేను చూసుకుంట" అంది శరణమ్మ కిటికీలోంచి.

అంబరీశ్ వెనక సీటులో, స్పీకర్ పక్కనే కూర్చోవలసి వచ్చింది. చిక్కసూగూరు రాకముందే గురుప్రసాద్ తానే సీడీ ఆపేశాడు. చెల్లెలి పెళ్లిచూపుల సంగతి ఏమైందని అడిగాడు. ప్రవల్లిక చెప్పసాగింది. అందులోంచి ఇంకో సంగతి, ఆ సంగతిలోంచి మరొకటి. దారిలో యరమరస్ దగ్గర అంబరీశ్, "సార్, సెట్టు మంచిగ బిగిసింది, నన్ను ఈడ దింపుండ్రి" అన్నాడు. ముందు సీట్లవాళ్లకు వినబడలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అప్పటికి ప్రవల్లిక అసలు ఘట్టానికి వచ్చింది. గురుప్రసాద్ నవ్వుకు అతని మాట కొట్టుకుపోయింది.

అంబరీశ్ రాయచూరు బస్టాండులో దిగి, బస్సెక్కి దేవసూగూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భార్య అన్నం పెడుతూ, "సెట్టు మంచిగనే పాడిందా?" అని అడిగింది.

"ఏం పాడుతది? బంద్ జేసి ముచ్చట్లు పెట్టుకుండ్రు" అన్నాడు అతను విసుగ్గా. శరణమ్మ నవ్వుకుంటూ ఇంకో గరిటె పప్పు వడ్డించింది.