విత్తనం దాచిన చేయి

నేను మా అత్తను ఎడమ పక్కకు తిప్పి, కింద తడిసిన బొంత లాగుతుంటే వినీత అడిగింది, "అక్కా, మీ విత్తన సంఘానికి నేనేం చేయగలను?" అని. నంద్యాలలో ఉంటూ మా పంటల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. తరచూ దొర్నిపాడులో బస్సు దిగి మా ఊరికి వస్తుంది, మేం ఏం విత్తుతామో, ఏం తింటామో రాసుకుని పోతుంది. మంచి పిల్లే. కానీ ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. రెండు చేతులూ ఖాళీ లేనిదాన్ని పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది?

మరునాడు ఆళ్లగడ్డలో విత్తన సంఘాల సమావేశం. ఈసారి ఊళ్లలో మా కొర్ర విత్తనం పంచాలా, కంపెనీ విత్తనం తెప్పించాలా అన్నది అక్కడే తేలుతుంది. బూడిద, వేపాకు కలిపి కుండలో దాచింది నేను. దాచిన చేయే తీసుకునేవాళ్ల ఒడిలో పోయాలని మా ఆడవాళ్ల పట్టింపు. ఇంకొకరు పోస్తే తీసుకోరు. పోయినేడు నేను వెళ్లలేకపోతే నా బదులు వినీతే కుండ తీసుకెళ్లి, తెర మీద బొమ్మలు చూపించి చక్కగా మాట్లాడిందట. అందరూ మెచ్చుకున్నారు గానీ ఒడి మాత్రం ఎవరూ పట్టలేదు. ఊళ్లకు కంపెనీ విత్తనమే వచ్చింది.

ఈసారి నేనే వెళ్తానని చెబితే మా ఆయన రాజశేఖర్ పాత పాటే పాడాడు. "నువ్ పోతే మాయమ్మను ఎవురు చూస్తారు? యాడన్నా మగోడు చేసే పనులా అవి?" అత్తకు పక్షవాతం వచ్చినప్పటి నుంచీ వింటున్న మాట. వినీ వినీ, ఆమె ఆయనను కన్న తల్లి అన్న సంగతి నేనే మరిచిపోయాను.

"ఈసారి కూడా మీ బదులు నేను మాట్లాడతాలే అక్కా," అంది వినీత.

"వద్దు. నా మాట నేనే చెప్పుకుంటా. నువ్వు నా బదులు ఈడుండు. మా అత్తను చూసుకో."

ఆమె బొంత వైపు చూసింది. మొహం పాలిపోయింది. అయినా కొంగు దోపుకుని, "ఎట్లా తిప్పాలో చూపించండి," అంది.

ఆళ్లగడ్డలో కుండ ముందు పెట్టుకుని నేనే మాట్లాడాను. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి ఒడి పట్టారు. ఈసారికి మా విత్తనమే అని తేలింది. తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరాను. వినీత అరుగు మీద టీ తాగుతోంది. కాచింది రాజశేఖరేనట. అత్త ఉతికిన చీరలో, పొడి పక్క మీద నిద్రపోతోంది.

"మేడమ్ ఒక్కతే తిప్పలాడతాంటే చూడలేకపోయినా," అన్నాడాయన. "చదువుకున్న పిల్లతో అంత చాకిరీ ఎట్లా చేపిచ్చేది? నేనే ఎత్తి, కడిగి, బొంతలు ఉతికినా. అబ్బా, ఎంత కష్టమే ఆ పని."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ ఆయనకు చేతకాదనుకున్నాను. ఆ నమ్మకంతోనే ఓర్చుకున్నాను. చేతనవును. జాలి కూడా ఉంది. నా మీదే లేదు.

కళ్లు తుడుచుకోకుండానే అన్నాను.

"రేపు పొద్దున కూడా నువ్వే ఎత్తు."